కృప కూలి కాదు

చదువవలసిన వాక్యభాగములు: రోమా 4:1–8, లూకా 13:1–5, 2 కొరింథీ 8:1–9



మన ఉద్దానపు సంఘములలో ఒక మాట చాలకాలమునుండి చెలామణి యగుచున్నది. వినుటకు అది భక్తిగల మాటవలెనే యుండును. “ఫలానావారి తోట గాలికి నిలిచినది, దేవుని కృప వారిమీద నున్నది” అని యందురు. ఆ మాటకు ఇంకొక సగము కలదు. దానిని ఎవరును నోటితో చెప్పరు గాని వినువారందరికి వినబడును. ఫలానావారి తోట కూలినది గనుక వారిమీద కృప లేదనుటయే ఆ రెండవ సగము. ఇది అబద్ధమనియు, సువార్తకు విరోధమనియు, దీనిని మన ప్రసంగవేదికలమీదనుండి దింపివేయవలెననియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. అక్కుపల్లి మొదలుకొని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములవరకు తాతలు నాటిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పెకలి పడెను. జీడితోటలు కొమ్మలు విరిగి, మొదళ్లు చీలి నేలపాలాయెను. కొబ్బరిచెట్టు మనకు ఇంటి పెద్దకొడుకు వంటిదని చదువరులకు చెప్పనక్కరలేదు. పిల్ల పెండ్లి దానిమీదనే, పిల్లవాని చదువు దానిమీదనే, ముసలితనములో గంజి దానిమీదనే. అట్టి ఆధారము ఒక్క పూటలో పోయెను.

కొన్ని వారములు గడచిన తరువాత ఒక సంఘములో కృతజ్ఞతార్పణ కూడిక జరిగెను. నడిపించినవాడను నేనే. ఒక సహోదరుడు లేచి సాక్ష్యమిచ్చెను. తన చెట్లలో ఎక్కువ భాగము నిలిచినవనియు, తాను దశమభాగము ఎన్నడును తప్పలేదు గనుక దేవుడు తన తోటకు కంచె వేసెననియు చెప్పెను. నేను బిగ్గరగా ఆమేన్ అంటిని. సంఘమంతయు ఆమేన్ అనెను.

కూడిక ముగిసిన పిమ్మట ఒక వృద్ధుడు గుమ్మమునొద్ద నాకొరకు నిలిచియుండెను. ఆయన తోటలో నిలిచిన చెట్టు ఒక్కటియు లేదు. ఆయన కోపపడలేదు. మెల్లగా ఇట్లడిగెను: “అయ్యగారూ, ఆ బాబు సెట్లకి దేవుడు కంచె ఏసినాడన్నారు. మరి నా సెట్లకి ఎందుకు ఎయ్యనేదు? నాను దశమభాగం ఇయ్యనేదా?”

వేదాంత కళాశాలలో కృప అను మాటకు గ్రీకు మూలమేమో నేను నేర్చుకొంటిని. దానిమీద వ్యాసములు వ్రాసి మెప్పు పొందితిని. ఆ గుమ్మమునొద్ద మాత్రము నాకు నోట మాట రాలేదు. ఆయనకు ఆనాడు చెప్పవలసిన జవాబును ఇప్పుడు వ్రాయుచున్నాను. ముందుగా ఒప్పుకొనవలసినది ఒకటి కలదు. తప్పు సాక్ష్యమిచ్చిన సహోదరునిది మాత్రమే కాదు. ఆమేన్ అన్న బోధకునిది అంతకంటె పెద్దది.

రోమా పత్రిక 4వ అధ్యాయములో పౌలు చెప్పిన సంగతి మన పలాస జీడిపప్పు కార్ఖానాలలో పనిచేయు అక్కచెల్లెండ్రకు సులభముగా తెలియును. జీడి పిక్క కొట్టి, చేతులకు జీడినూనె అంటి చర్మము కాలుచుండగా, పొట్టు తీసి పప్పును కాటాకు పెట్టుదురు. కాటాలో ఎంత తూగిన అంత కూలి. ఆ కూలి చేతిలో పెట్టిన షావుకారును ఎవరును “మామీద కృప చూపెను” అనరు. అది అతడు తీర్చవలసిన బాకీ. పౌలు వాదము ఇదియే: పనికి బదులుగా వచ్చునది బాకీ, బాకీ యెన్నటికిని కృప కాదు. భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చు దేవుని నమ్మినవానికి లభించునదే కృప.

ఇప్పుడు ఆ సాక్ష్యమును ఈ కాటాలో పెట్టి చూడుడి. “నేను దశమభాగమిచ్చితిని, దేవుడు చెట్లు కాచెను” అన్నయెడల అది కృపను పొగడుట కాదు, కూలి ముట్టినదని చీటి వ్రాసి యిచ్చుట. నోరు కృప అని పలుకుచున్నది, మనస్సు లెక్క చూచుకొనుచున్నది. ఈ లెక్క మనకు సువార్తనుండి వచ్చినది కాదు. నేనింత యిచ్చెదను, నీవింత యిమ్మను మ్రొక్కుబడి బేరము మానవహృదయములో పుట్టుకతోనే యున్నది. మనము బాప్తిస్మము పొందినప్పుడు ఆ బేరమును గట్టుమీద విడువక, దానికిని ఒక ముంచు ముంచి గుడిలోనికి వెంటబెట్టుకొని వచ్చితిమి.

“అయితే మలాకీ 3వ అధ్యాయము మాట యేమి? దశమభాగము తెచ్చినవారికి ఆకాశపు వాకిండ్లు తెరువబడునని లేదా?” అని కొందరడుగుదురు. ఉన్నది. అయితే ఆ అధ్యాయము 10వ వచనముతో మొదలుకాలేదు. 5వ వచనమునకు పోయి చూడుడి. కూలివాని కూలి ఎగవేయువారిమీదను, విధవరాలిని తండ్రిలేనివానిని బాధించువారిమీదను దేవుడు సాక్షిగా నిలుచుచున్నాడు. దశమభాగములో దిక్కులేనివారికి భాగము కలదని ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము చివర వ్రాయబడినది. 10వ వచనమును ఎత్తి చూపి కానుక అడుగుచు, 5వ వచనమును మింగివేయు బోధకుడు దేవుని వాక్యమును తూకములో మోసగించుచున్నాడు.

మన ప్రభువు కాలములోను ఇట్టి లెక్క వేయువారుండిరి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. వారు యెరూషలేములోని మిగిలినవారికంటె ఎక్కువ పాపులని తలంచుచున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెప్పెను. అంతటితో ఆగక, మీరును మారుమనస్సు పొందవలెనని నిలిచియున్నవారితో చెప్పెను. కూలిన గోపురమును చూచి చచ్చినవారిని తీర్పు తీర్చవద్దు, బ్రదికినవారు తమ్ము తాము పరీక్షించుకొనవలెనని దాని భావము. మనమో, పడిన తోటను చూచి పడినవానినే పరీక్షించితిమి. యోబు స్నేహితులు చేసినదియు ఇదియే. వారి మాటలన్నియు భక్తిగానే వినబడును. అయినను తన్నుగూర్చి వారు సరిగా పలుకలేదని దేవుడు కడపట కోపించెను.

ఈ అబద్ధము తోటలతో ఆగినయెడల నష్టము కొంత తక్కువగా నుండెడిది. మన ఉద్దానములో ఇంటింటికిని తెలిసిన మూత్రపిండముల వ్యాధిలోనికిని ఇది ప్రవేశించినది. ఎన్నియో ఏండ్లుగా వైద్యులు పరిశోధించుచున్నను దీని కారణము ఇదియే అని నిశ్చయముగా తేలలేదు. ఎండలో నడుము వంచి పాటుపడిన కూలిజనులు, రైతులు ఎక్కువగా దీని పాలగుచున్నారు. వైద్యులకే తేలని కారణము కొందరు తిరుగుబోధకులకు తెలిసినదట! “ఇంటిలో దాచిన పాపమున్నది” అని యొకడు. “విశ్వాసము చాలలేదు” అని యొకడు. “ఈ సీసాలోని నూనె రాయుము, ఇంత కానుక నాటుము, సూదులు మానుము” అని మరియొకడు. డయాలిసిస్ మానుకొనుట విశ్వాసమని చెప్పువాడు నరహత్యకు తోడ్పడుచున్నాడు. దీనిని మెత్తని మాటతో చెప్పుటకు నాకు మనస్సాక్షి ఒప్పుకొనదు.

పౌలు శరీరములో ఒక ముల్లు ఉండెను. తీసివేయుమని మూడుమారులు వేడుకొనెను. ప్రభువు ముల్లును తీయలేదు. నా కృప నీకు చాలునను భావముగల జవాబిచ్చెను. అపొస్తలుడైన పౌలుకు విశ్వాసము చాలలేదని చెప్పగలవాడెవడు? స్వస్థత రాని మంచముమీదనే కృప ఉన్నదని ఆయన నేర్చుకొనెను. స్వస్థతకొరకు మనము ప్రార్థింపవలెను, ప్రార్థించుచునే యుందము. అయితే రోగి లేచినప్పుడు మాత్రమే కృప వచ్చినదని లెక్కించువాడు పౌలు ఎరిగిన కృపను ఎరుగడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడెను. హిరమండలమునుండి వంశధార నీటిని మన గ్రామములకు తెచ్చు పథకమును ఆ సమయముననే ఆరంభమాయెను. దుష్టులమీదను మంచివారిమీదను వాన కురిపించు తండ్రి వైద్యుని చేతిద్వారాను, మంచినీటిద్వారాను తన మేలు చేయుచున్నాడు. వాటిని తృణీకరించుట భక్తి కాదు.

నూనె సీసాలు అమ్మువారిని చూచి ఆశ్చర్యపడవద్దు. ఇది పాత వ్యాపారమే. జర్మనీ దేశములో పాపశిక్ష తగ్గింపు పత్రములు ధనమునకు అమ్ముచుండగా, మార్టిన్ లూథరు 1517లో తొంబదియైదు వాదములు వ్రాసి యెదిరించెను. లూథరును పొగడుచు, సంస్కరణదినము ఆచరించుచు, ఇంకొకచోట సీసా కొనువారము మనము. కాగితమునకు బదులు సీసా వచ్చినది, అంతే భేదము.

ఇక మరియొక పక్కనుండి ఒక ఆక్షేపణ వచ్చును. “అయ్యగారూ, కృప ఉచితమని ఇంత గట్టిగా చెప్పినయెడల జనులు కానుక మానుదురు, త్రాగుదురు, గుడికి రారు” అని పెద్దలందురు. ఈ భయము రోమాలోని విశ్వాసుల విషయములోను పుట్టినది గనుకనే పౌలు 6వ అధ్యాయము వ్రాసెను. ఉచితము వేరు, చవక వేరు. హిట్లరు ప్రభుత్వమును ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడిన జర్మను బోధకుడు డీట్రిఖ్ బోన్‌హోఫర్, 1937లో వెలువడిన తన గ్రంథములో చవక కృప సంఘమునకు శత్రువని ఖండించెను. మారుమనస్సు లేని క్షమాపణయు, సిలువ లేని శిష్యత్వమును చవక కృపయే. పుచ్చుకొనువానికి ఉచితమైనది ఇచ్చినవానికి చవక కాదు.

దీనికి మన జిల్లాలోనే ఒక సాదృశ్యము కలదు. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారి ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టరు బెన్ గల్లిసన్ దొరగారు నేత్రవైద్యము చేసిరి. ఆ పనినిగూర్చి విని కదిలిన కెనడా దేశస్థులు 1963లో కాల్గరీ పట్టణమందు ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను స్థాపించిరి. కన్ను కనబడని పేదకు చూపు వచ్చుటకు తాము ఎన్నడును చూడని దూరదేశస్థులు సొమ్మిచ్చిరి. చూపు పొందినవాడు వెల చెల్లించలేదు. అయితే వెల లేకపోలేదు, మరియొకరు చెల్లించిరి. కల్వరిలో జరిగినది దీనికంటె లోతైనదైనను, మార్గము ఇదియే. వెల చెల్లించినవాని చేతులలో మేకుల గాయములున్నవి. ఆ చేతులు చూచినవాడు పాపమును ఆటగా ఎంచగలడా?

మరి కృపకు గుర్తేమి? నిలిచిన చెట్టు కానియెడల దేనిని చూచి తెలిసికొందుము? కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయములో జవాబున్నది. మాసిదోనియ సంఘములకు దేవుడు అనుగ్రహించిన కృపనుగూర్చి పౌలు చెప్పుచున్నాడు. ఆ సంఘములకు పంట పెరిగెనా? శ్రమలు పోయెనా? లేదు. వారు కడు పేదలు, శ్రమలలో నున్నవారు. ఆ పేదరికములోనే సంతోషముతో ఇతరులకు ఇచ్చిరి. దానినే అపొస్తలుడు కృప అనెను. కాబట్టి తిత్లీ తరువాత కృప ఎవరి తోటలో నున్నదని వెదకవలసినది చెట్ల లెక్కతో కాదు. నిలిచిన చెట్టు కాయలు దింపి, కూలినవాని యింటికి ఎవరు మోసికొని పోయిరో అక్కడ వెదకవలెను.

కాబట్టి సంఘపెద్దలారా, మూడు సంగతులు వేడుకొనుచున్నాను. మొదటిది, కృతజ్ఞత చెప్పుట మానవద్దు. నీకు మిగిలినదానిని నీ భక్తికి బహుమానముగా చెప్పుట మానుడి. రెండవది, రోగి మంచమునొద్దకు పోయినప్పుడు ఏ పాపము చేసితివని అడుగవద్దు. డయాలిసిస్‌కు పోవు దినమున బండి కావలెనా అని అడుగుడి. మూడవది, కృపకు వెల కట్టు బోధకుడు ఎంత పేరు గలవాడైనను అతనికి మీ వేదిక ఇయ్యవద్దు.

ఆ వృద్ధుడు తుపాను మరుసటి యేట మరల కొబ్బరిమొక్కలు నాటెను. మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు ఏండ్లు పట్టునని ఆయన ఎరుగును, తన వయస్సును ఎరుగును. ఎవరికొరకు నాటుచున్నావని నేనడుగగా, “తినేవోలు తింతారు బాబూ” అనెను. వెల అడుగక, ఎవరు తిందురో విచారింపక నాటిన ఆ చేయి నాకు కళాశాలలో రాని పాఠము నేర్పెను. ఆయనకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు ఇది: తాతా, నీ తోటకు కంచె లేకపోయెను గాని నీవు కృపకు వెలుపల లేవు. ఆనాడు నేను పలికిన ఆమేన్‌ను వెనుకకు తీసికొనుచున్నాను.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప, నిలిచిన తోటలవారికిని కూలిన తోటలవారికిని, సమానముగా తోడైయుండును గాక.