కొచ్చి రేవులో ఏడు రోజులు

లక్షద్వీప్‌లోని 36 ద్వీపాలలో జనావాసమున్నవి 10 మాత్రమే. 2011 జనగణన ప్రకారం జనాభా 64,473. అందులో 96 శాతానికి పైగా ముస్లిములు. బియ్యమైనా, మందులైనా ప్రధాన భూభాగం నుండి ఓడలలో రావలసిందే. రోగమూ ఆ దారినే రావాలి.

2020లో దేశమంతటా కోవిడ్ వ్యాపించినా అక్కడ ఒక్క కేసూ నమోదు కాలేదు. ప్రయాణికులు కొచ్చిలో 7 రోజులు ఏకాంతవాసంలో ఉండి, పరీక్ష చేయించుకున్న తరువాతే ఓడ ఎక్కాలన్నది అప్పటి నియమం. ఆ డిసెంబరులో దానిని సడలించి, నెగటివ్ పత్రం చాలన్నారు. 2021 జనవరి 18న తొలి కేసు బయటపడింది. తదుపరి కాలంలో కేసులు 11 వేలు దాటాయి. 52 మంది మరణించారు. సోకిన తొలి రోజులలో పరీక్షకు అందని రోగం నిరీక్షణలో బయటపడుతుంది. పత్రానికి ఆ శక్తి లేదు.

ఇటువంటి జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధమా? సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ ప్లేగు ఉందని సర్గ్ వద్ద విని వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడుగగా, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నానన్న భావంతో బదులిచ్చారు. రోగమున్న ఊరికి వెళ్ళరాదని, ఉన్నవారు పారిపోరాదని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తెలిపారు.

సోదర సోదరీమణులారా! జ్వరంతో ఉన్నప్పుడు వలీమా విందుకు వెళ్ళకుండా ఆగడం, వృద్ధులైన తల్లిదండ్రుల గదికి దూరంగా ఉండడం కూడా ఈ బోధనను పాటించడమే. మన వలన ఇతరులకు హాని కలుగకుండా చూడటం మనపై ఉన్న అమానతు.