కట్టిన చేయే విప్పి చూడాలి

జనవరి వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి దారి పడుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన నుమాయిష్, ఇప్పుడు ఎగ్జిబిషన్ మైదానంలో నెలన్నర పాటు సాగే పండగ. అబిడ్స్‌లో బట్టలు కొనుక్కుని, అటునుంచి అటే ఎగ్జిబిషన్‌కు వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని, రెండో ముంజేతికి నాలుగైదు సంచులు తగిలించుకుని గంటల తరబడి తిరుగుతారు. ఇంటికొచ్చి సంచులు దించితే చేతి మీద ఎర్రటి చార, వేళ్లలో తిమ్మిరి. రెండుసార్లు దులిపితే పోతుంది. పోతుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు.

సంచి అయితే మనమే దించుకుంటాం. తనంతట తాను విప్పుకోలేని కట్టు కింద చేయి ఉంటే? పిండికట్టులో ఉన్న పిల్లవాడి చేయి, మంచానికి కట్టిన పెద్దాయన మణికట్టు, పాము కాటేసిందని తాడు బిగించిన పిక్క, నెలల పసికందు ముంజేతికి కట్టిన నల్లదారం... కట్టిన కారణాలు వేరు, కట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. ప్రమాదం మాత్రం అన్నింటిలో ఒకటే. దాన్ని తప్పించే పద్ధతి కూడా ఒకటే. కట్టినవాళ్లే మళ్లీ మళ్లీ చూడాలి. చూసేటప్పుడు వేళ్ల రంగు ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.

రంగు బాగున్నంత మాత్రాన...

కట్టు బిగుసుకుంటే రెండు రకాల నష్టం జరుగుతుంది. మొదటిది రక్తప్రసరణకు. గుండె నుంచి రక్తం తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ. తిరిగి తీసుకెళ్లే సిరల్లో తక్కువ. అందుకే ఓ మాదిరి బిగుతుకే సిరలు మూసుకుపోతాయి, ధమనులు మాత్రం పారుతూనే ఉంటాయి. వచ్చే రక్తం వస్తుంటుంది, పోయే దారి ఉండదు. దాంతో వాపు వస్తుంది. వాచినకొద్దీ అదే కట్టు ఇంకా బిగుసుకుంటుంది. ఉదయం సరిగ్గా సరిపోయిన కట్టు రాత్రికి ఉరిలా మారేది ఇందుకే.

మన కండరాలు సాగని పొరల మధ్య గదుల్లా అమరి ఉంటాయి. ఆ గదిలో ఒత్తిడి పెరిగితే సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. రక్తం అందని కండరం ఆరు గంటలు దాటితే కోలుకోవడం కష్టమవుతుంది. ఇంకా ఆలస్యమైతే కండరం చచ్చిపోయి, వేళ్లు ముడుచుకుని కొంగోళ్లలా ఉండిపోతాయి. మరీ బిగుతుగా కట్టిన కట్ల వల్ల ఇలా జరుగుతోందని 1881లోనే జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ వివరించారు. ఆ వైకల్యాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

రెండో నష్టం నాడులకు. నాడి ఎముకను ఆనుకుని, పైన పెద్దగా కండ లేకుండా సాగే చోట్లు కొన్ని ఉన్నాయి. దండచేతి ఎముక చుట్టూ మెలిక తిరిగే నాడి నలిగితే మణికట్టు వాలిపోతుంది, చేయి పైకి లేవదు. మోచేతి లోపలివైపు నాడి మనందరికీ తెలిసిందే, గోడకు తగిలితే జిల్లుమంటుంది. మోకాలి కింద బయటివైపు నాడి దెబ్బతింటే పాదం వాలిపోయి, నడుస్తుంటే ముందరి భాగం నేలకు రాసుకుంటుంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఒక సన్నటి నాడి దాదాపు చర్మం కిందే ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. నాడి ఒకచోట నలుగుతున్నా రక్తం మామూలుగానే పారుతూ ఉండొచ్చు. వేళ్లు వెచ్చగానే ఉంటాయి, గోళ్లు గులాబి రంగులోనే ఉంటాయి. అది చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. లోపల నాడి మాత్రం చెడిపోతూ ఉంటుంది. నాడి పైపొర మాత్రమే దెబ్బతింటే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో కోలుకుంటుంది. లోపలి తంతువు తెగితే మళ్లీ పెరగాలి. అది పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. పది సెంటీమీటర్ల దూరం చేరడానికి మూడు నెలలకు పైనే పడుతుంది.

పిండికట్టు వేసిన మొదటి రాత్రి

మెట్ల మీద జారిపడో, సైకిలు మీది నుంచి పడో పిల్లవాడి మోచేయి విరిగింది. పిండికట్టు వేయించుకుని ఇంటికొచ్చారు. ఆ మొదటి రెండు రోజులే కీలకం. వాపు పెరిగేది అప్పుడే. చేయి దిండు మీద ఎత్తుగా ఉంచాలి. వేళ్లు కదిలిస్తూ ఉండమనాలి. ఎముక విరిగిన చేతికి గాజులు, ఉంగరాలు ఉంటే కట్టు వేయకముందే తీసేయాలి. వాచాక అవి రావు.

పిల్లలకు నాడి పరీక్ష ఆటలా చేయొచ్చు. రాయి, కాగితం, కత్తెర ఆట పిల్లలకు తెలిసిందే. పిడికిలి బిగించమనండి, అరచేయి విప్పి వేళ్లు పైకెత్తమనండి, రెండు వేళ్లను కత్తెరలా విడదీయమనండి. చివరగా బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమనండి. ఈ నాలుగూ చేయగలిగితే చేతికి వెళ్లే ముఖ్యమైన నాడులు పనిచేస్తున్నట్టే. నిన్న చేసింది ఇవాళ చేయలేకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కాలికి కట్టు ఉంటే కాలి బొటనవేలు పైకెత్తమని చూడండి.

అన్నింటికంటే ముందు వచ్చే హెచ్చరిక నొప్పి. విరిగిన ఎముకకు నొప్పి సహజమే. కానీ మందు వేసినా తగ్గకుండా గంటగంటకూ పెరిగే నొప్పి, వేళ్లను మెల్లగా చాపితే కేక పెట్టించే నొప్పి సహజం కాదు. పాలిపోవడం, నాడి అందకపోవడం చివర్లో కనిపించే లక్షణాలు. వాటి కోసం ఎదురుచూడొద్దు. ‘పిల్లాడు ఓర్చుకోలేకపోతున్నాడు’ అని ఇంకో నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టడం, ‘తెల్లారాక చూద్దాం’ అనుకోవడం... చేతులు పోయేది ఈ రెండు మాటల మధ్యే. అర్ధరాత్రయినా సరే కట్టు వేసిన ఆస్పత్రికో, దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెళ్లి పిండికట్టునూ, దాని కింది దూదినీ చర్మం దాకా కోయించాలి. దారిలో చేతిని గుండె ఎత్తులోనే ఉంచండి. మర్దన, కాపడం వద్దు.

మరోమాట. ఎముక విరిగితే చిత్తూరు ప్రాంతం నుంచి ఇటు హైదరాబాద్ దాకా ‘పుత్తూరు కట్టు’కు ఉన్న నమ్మకం తరాల నాటిది. పాతబస్తీలో పహిల్వాన్ల దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఆకుపసరు, గుడ్డ పేలికలు... పసరు సంగతి అలా ఉంచితే, ఎక్కడైనా ప్రాణాంతకమయ్యేది బిగుతే. కట్టు ఎవరు కట్టినా ముందు ఎక్స్‌రే తీయించండి. వేళ్లు బయటికి కనిపించేలా కట్టించుకోండి. ‘నొప్పి ఉంటేనే అతుక్కుంటుంది, విప్పొద్దు’ అని ఎవరు చెప్పినా వినకండి.

నల్లదారం, మొలతాడు

నాంపల్లి యూసుఫైన్ దర్గాలోనైనా, వీధి చివరి హనుమంతుడి గుళ్లోనైనా దిష్టి తగలకుండా పిల్లలకు దారం కట్టిస్తాం. నమ్మకం ఎవరి ఇష్టం వారిది. పసివాళ్లు మాత్రం వారం వారం ఒళ్లు చేస్తారు, దారం సాగదు. మణికట్టుకైనా, కాలికైనా, నడుముకైనా దారం కింద మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. మెడలో దారం అసలే వద్దు. కారణం తెలియకుండా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మేజోళ్లు విప్పి ప్రతి వేలూ చూడండి. తల్లి తలవెంట్రుకో, మేజోడు నూలుపోగో కాలివేలికి చుట్టుకుని వేలు ఉబ్బిపోవడం వైద్యులు తరచుగా చూసే సంగతే.

మధుమేహం ఉన్నవారికి ఇంకో చిక్కు. పాదాల్లో స్పర్శ తగ్గిపోతే బిగుతు తెలియదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. వాళ్లకు బిగుతు మేజోళ్లు, గాయం చుట్టూ గట్టిగా చుట్టిన బ్యాండేజీ ప్రమాదకరం. వాళ్లకు నొప్పి చెప్పదు కాబట్టి కళ్లతో చూసి తెలుసుకోవాలి.

మంచానికి కట్టిన చేతులు

మతిమరుపు వచ్చిన నాన్నగారు ముక్కులోని గొట్టం లాగేస్తున్నారు. రాత్రి కాపలా ఉండే మనిషి ఆయన చేతులను పాత చీర పేలికతో మంచం కోడుకు కట్టేసింది. మధ్యతరగతి ఇళ్లలో ఎవరూ బయటికి చెప్పుకోని దృశ్యమిది. కట్టడం చివరి మార్గం కావాలి. చేతికి బొంతలాంటి గ్లవ్స్ తొడగడం, గొట్టం కనిపించకుండా దుస్తుల కింద సర్దడం, పక్కన మనిషి ఉండటం ముందు ప్రయత్నించాలి. తప్పనిసరై డాక్టరు సలహాతో కట్టాల్సి వస్తే వెడల్పాటి మెత్తని పట్టీ వాడాలి. రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి. అరగంటకోసారి చూడాలి, రెండు గంటలకోసారి విప్పి చేతులు కదిలించాలి. సన్నటి తాడు, నైలాన్ దారం, ఫోన్ ఛార్జర్ వైరు ఎప్పుడూ వాడకూడదు.

మానసిక జబ్బు ఉన్నవారిని గొలుసులతో కట్టేయడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో ఉన్నవాళ్లు పారిపోలేక కాలిపోయిన ఘోరం దేశమంతా చూసింది. ఇంట్లో మనిషిని అదుపు చేయలేని పరిస్థితి ఉంటే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర ఇంకో రకం కట్టు కనిపిస్తుంది, సంకెళ్లు. అవసరం లేకుండా బేడీలు వేయడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు చెప్పింది. బిగుసుకుపోయిన బేడీ మణికట్టులోని ఆ సన్నటి నాడిని నొక్కి, బొటనవేలి వెనక నెలల తరబడి మొద్దుబారేలా చేస్తుంది. బిగుసుకోకుండా ఆపే రెండో తాళం వేయడం, ‘తిమ్మిరెక్కుతోంది సార్’ అన్న మాటను నటన అనుకోకుండా ఒకసారి చూడటం కష్టమైన పనులేమీ కావు.

డాక్టరుకు చెప్పుకోలేని చోట

దంపతుల పడకగదిలో ఇద్దరి ఇష్టంతో చేతులు కట్టుకునే సరదాలు కూడా ఉంటాయి. మంచీ చెడూ తీర్పు చెప్పడం ఈ పేజీ పని కాదు. గాయం కాకుండా చూడటం మన పని. సన్నటి తాడు, జారిపడి బిగిసే ముడి వద్దు. దండచేతి మధ్యలో, మోచేతి దగ్గర, మోకాలి కింద బయటివైపు తాడు నొక్కుకోకూడదు. చేతులను తలపైకో, వీపు వెనక్కో లాగి కట్టి ఎక్కువసేపు ఉంచకూడదు. కట్టు మీద ఒంటి బరువు వేలాడకూడదు. మెడకు తాడు ఎంత వదులుగా ఉన్నా ప్రాణాంతకమే. మద్యం తాగి ఉన్నప్పుడు అసలే వద్దు, తాగిన మనిషికి తిమ్మిరి తెలియదు. మొన కోసుకోని కత్తెర చేతికి అందేలా ఉంచుకోవాలి. కట్టిన మనిషి గది దాటి వెళ్లకూడదు. ‘వద్దు’ అన్నా, ‘తిమ్మిరి’ అన్నా మరుక్షణం విప్పాలి. ముడి రాకపోతే తాడు కోసేయాలి. విప్పాక కూడా మొద్దుబారడం, వేలు లేవకపోవడం ఉంటే ఆ రోజే డాక్టరును కలవాలి. ఎలా జరిగిందో దాచొద్దు. నాడి ఎక్కడ నలిగిందో తెలిస్తేనే వైద్యం సరిగ్గా జరుగుతుంది.

పాము కాటుకు కట్టు వద్దు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. కాటు పైన తాడు బిగించడం మనకు సినిమాలు నేర్పిన వైద్యం. రక్తపింజర లాంటి పాముల విషం కండను అక్కడే కుళ్లబెడుతుంది. తాడు కడితే ఆ నష్టం ఒకేచోట పేరుకుంటుంది, కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ధైర్యం చెప్పి, కాలు కదలకుండా వదులుగా కర్ర ఆనించి, 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చడమే సరైన పని. ఎవరో అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకండి. విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకే ప్రమాదం ఉంది. మందులు సిద్ధంగా పెట్టుకుని డాక్టరే విప్పాలి.

బిగుతు కట్టు ప్రాణం కాపాడే సందర్భం ఒక్కటే. రోడ్డు ప్రమాదంలో కాలో చెయ్యో తెగి, గట్టిగా అదిమిపట్టినా రక్తం ఆగకపోతే గాయానికి పైన వెడల్పాటి పట్టీ బిగించి, కట్టిన సమయం కాగితం మీద రాసి, విప్పకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మిగతా అన్ని చోట్లా సూత్రం ఒక్కటే. కట్టు కింద ఉన్న మనిషి పసిబిడ్డ కావచ్చు, మాట పోయిన పెద్దాయన కావచ్చు, నోరెత్తలేని ఖైదీ కావచ్చు. నొప్పి అంటే నమ్మాలి. చెప్పలేకపోతే మనమే అడిగి, వేళ్లు కదిలించి, తాకి చూడాలి. అనుమానం వస్తే ముందు వదులు చేయాలి, తర్వాతే ఆలోచించాలి. కట్టు మళ్లీ వేసుకోవచ్చు. చచ్చిపోయిన కండరాన్ని మాత్రం ఏ డాక్టరూ తిరిగి తేలేడు.