ఎవరు ఎవర్ని మోశారు?

పొరుగింటి పెళ్ళిలో పులిహోరకి ఉప్పు తగ్గిందని చెప్పడానికి మనవాళ్ళు ఎంత ఉత్సాహపడతారో, పరదేశం వెళ్ళినవాళ్ళ పండగలో "అసలుతనం" తగ్గిందని చెప్పడానికీ అంతే ఉత్సాహపడతారు. ఈ గుణం ఒక్క తెలుగువాళ్ళదే అనుకుని బాధపడకండి. ప్రపంచమంతా ఉంది. ఫిన్లాండ్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవాళ్ళు జరుపుకునే పండగల గురించి ఎవరికి చెప్పినా అదే ఎత్తిపొడుపు – "ఇది ఫిన్లాండ్‌లోనే లేదే! మరి ఇదేం సంస్కృతి?" అని. ఆ మాట మీదే నా తగువంతా.

ముందు ఆ మనుషులెవరో చెప్పుకోవాలి. 1860ల నుంచి 1920ల దాకా సుమారు మూడు లక్షలమంది ఫిన్నులు ఓడలెక్కి అమెరికా చేరారు. మగవాళ్ళు మిషిగన్ రాగి గనుల్లోకి, మిన్నెసోటా ఇనుప గనుల్లోకి దిగారు. అడవుల్లో కలప కొట్టారు. పెళ్ళికాని ఆడపిల్లలు ఎంతోమంది పట్నాల్లో కలిగినవాళ్ళ ఇళ్ళల్లో పనికి కుదిరారు. ఇప్పుడు పండగలు చేస్తున్నది వాళ్ళ మనవలూ, మునిమనవలూను.

మిషిగన్‌లో హాన్‌కాక్ అని చిన్న ఊరుంది. అక్కడ 1999 నుంచి జనవరిలో "హెయికిన్‌పైవా" జరుపుతున్నారు. సెయింట్ హెన్రిక్ పేర వచ్చే రోజు అది. ఆ రోజుకి చలికాలం సగం గడిచినట్టని ఫిన్లాండ్ పల్లెల్లో పూర్వం ఒక లెక్క. గుహలో నిద్రపోతున్న ఎలుగుబంటి ఆ రోజు ఒక పక్క నుంచి రెండో పక్కకి ఒత్తిగిలుతుందట! కొట్టంలో పశువుల గడ్డి ఇంకా సగం మిగిలుందో లేదో చూసుకోవలసిన రోజూ అదే. శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుందని మన పెద్దవాళ్ళు చెప్పలేదూ? అలాంటిదే. హాన్‌కాక్‌లో ఆ రోజు ఊరేగింపు చేస్తారు. సంత పెడతారు. గడ్డకట్టిన నీళ్ళల్లో కన్నం కోసి దూకేవాళ్ళు దూకుతారు. భార్యని వీపున వేసుకుని మగవాళ్ళు పరుగుపందెం కూడా వేస్తారు. దాని సంగతి తరవాత చెబుతాను.

ఇక ఊర్హో మహాత్ముడి కథ. ఐరిష్‌వాళ్ళకి పాములని తరిమిన సెయింట్ పాట్రిక్ ఉన్నాడు కదా. మాకు మాత్రం లేడా అని 1956లో మిన్నెసోటాలోని వర్జీనియా అనే ఊళ్ళో, ఒక బట్టల దుకాణంలాంటి పెద్ద కొట్లో పనిచేసే ఫిన్నులు సరదాకి ఒక సాధువుని పుట్టించారు. ఆయన మొదట కప్పల్ని తరిమాడు. చెప్పగా చెప్పగా ఆ కప్పలు మిడతలయ్యాయి. ఫిన్లాండ్ ద్రాక్షతోటల్ని మిడతల బారినుంచి కాపాడిన మహానుభావుడట! ఆ మంచుదేశంలో ద్రాక్షతోటలేమిటని అడక్కండి. సెయింట్ పాట్రిక్ పండగకి సరిగ్గా ఒక రోజు ముందు, మార్చి 16న, ఈయన పండగ పెట్టుకున్నారు. మెనాగా అనే ఊళ్ళో ఈయనకి నిలువెత్తు విగ్రహం కూడా ఉంది. చేతిలో గడ్డి ఎత్తే పంగలకర్ర, దాని కొనకి గుచ్చుకున్న మిడత!

ఇదీ విమర్శకుల చేతికి దొరికిన గొప్ప ఆయుధం. "చూశారా, అబద్ధపు సాధువు! అబద్ధపు సంస్కృతి!"

సరే, అసలు దేశంలో ఉన్నదంతా ఆకాశం నుంచి ఊడిపడిందా? ఫిన్లాండ్ జాతి గర్వంగా చెప్పుకునే కావ్యం "కాలెవాలా". ఎలియాస్ లోన్‌రోట్ అనే డాక్టరు కరేలియా పల్లెల్లో తిరిగి ముసలివాళ్ళు పాడే పాటలు రాసుకుని, వాటిని తనకు తోచిన వరసలో కూర్చి, అతుకులు పడవలసినచోట తనే నాలుగు మాటలు కలిపి 1835లో అచ్చువేశాడు. 1849లో ఇంకా పెంచి మళ్ళీ వేశాడు. దాన్ని ఎవరైనా నకిలీ అన్నారా? పైగా ఫిబ్రవరి 28న దాని పేర జెండా ఎగరేస్తారు. పోనీ భార్యని మోసే పందెం? ఫిన్లాండ్‌లో సోంకాయార్వి అనే ఊరు దాన్ని 1992లో మొదలుపెట్టింది. పూర్వం ఆడవాళ్ళని ఎత్తుకుపోయే బందిపోటు ఒకడుండేవాడని ఓ కథ దానికి తగిలించారు. హాన్‌కాక్ పండగ కంటే అది ఏడేళ్ళు పెద్దది, అంతే! ఇంట్లో ఉన్నవాళ్ళు కొత్తది కల్పిస్తే సృజన, బయటికి వెళ్ళినవాళ్ళు కల్పిస్తే నకిలీనా? ఇదెక్కడి న్యాయం?

ఇంకో సంగతి. ఇంట్లో ఉన్నవాళ్ళు పారేసుకున్నది బయటివాళ్ళ దగ్గర భద్రంగా దొరకడమూ ఉంది. మనం పాయసంలో వేసుకునే ఏలకులే దంచి వేసి, జడలాగా అల్లి కాల్చే తియ్య రొట్టె ఒకటుంది ఫిన్నులకి. ఫిన్లాండ్‌లో ఇప్పుడు దాన్ని "పుల్లా" అంటారు. మిషిగన్ అమ్మమ్మలు మాత్రం "నిసు" అంటారు. నిసు అంటే గోధుమ అని పాతకాలపు మాట. స్వదేశంలో వాడుక తప్పిన ఆ మాటని, ఓడెక్కిన ఆడవాళ్ళు కొంగున ముడివేసుకుని తెచ్చి నూరేళ్ళు దాచారు. మిన్నెసోటాలో పాలో అనే పల్లె ఉంది. ఉపవాసాల రోజులు వచ్చేముందు మంచుగుట్టల మీంచి జారే "లాస్కియాయినెన్" పండగని అక్కడ 1930ల నుంచి చేస్తున్నారు. ఎంత దూరం జారితే ఆ ఏడు అవిసె మొక్క అంత ఎత్తు పెరుగుతుందని పాత నమ్మకం. అవిసె నార తీసి, వడికి, ఇంటిల్లిపాదికీ బట్ట నేసిన ఆడవాళ్ళ నమ్మకం అది. ఇప్పుడు చలికోట్లు కొనుక్కునే పిల్లలు జారుతున్నారు. జారనివ్వండి! నేల మారితే పండగ మారదా?

అయితే ఆ పండగలు చేసేవాళ్ళని వెనకేసుకొస్తున్నానని మురిసిపోనక్కర్లేదు. వాళ్ళతోనూ నాకు తగువుంది. అదే అసలు తగువు.

భార్యని మోసే పందెం దగ్గరికే వస్తాను. సోంకాయార్విలో దారి పొడవు 253.5 మీటర్లు. మధ్యలో నీళ్ళగుంట. భార్య కనీసం 49 కిలోలుండాలి. సొంత భార్యే కానక్కర్లేదట, పొరుగాయన భార్యయినా చాలునట! గెలిచినవాడికి ఆవిడ బరువెంతో అంత బీరు. నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. కానీ ఆ 253 మీటర్లు అయిపోయాక ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ వలస జీవితంలో ఎవరు ఎవర్ని మోశారు? గనిలో మొగుడు పోతే అద్దె మనుషులకి వండిపెట్టి పిల్లల్ని పెంచిందెవరు? కుట్టుసంఘాలు పెట్టి, కాఫీలు అమ్మి, ఆ అణాకానీలతో చర్చీలనీ, కార్మికుల హాళ్ళనీ నిలబెట్టిందెవరు? ఆ హాళ్ళలో నాటకాలకి ఉడుపులు కుట్టి, వేషం కూడా కట్టిందెవరు?

వాళ్ళేమీ నోరులేని ఆడవాళ్ళు కాదు. 1906లో, యూరప్‌లో అందరికంటే ముందు, ఆడవాళ్ళకి ఓటిచ్చిన దేశం ఆడపడుచులు వాళ్ళు. 1907 ఎన్నికల్లో అక్కడ 19 మంది స్త్రీలు పార్లమెంటులో కూచున్నారు. అమెరికా చేరిన ఫిన్నిష్ శ్రామిక స్త్రీలు ఆరెగాన్‌లోని ఆస్టోరియా నుంచి 1911 మొదలు 1930 దాకా "తోవెరిటార్" అని సొంత పత్రిక నడిపించుకున్నారు. ఈ సంగతి రొట్టె తింటున్న ముని మనవరాళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటారు?

ఇంకొకటి చెప్పాలి. 1913 జూలైలో మిషిగన్ రాగి గనుల్లో పెద్ద సమ్మె మొదలైంది. డిసెంబరు 24న, హాన్‌కాక్‌కి దగ్గర్లోనే ఉన్న కాల్యుమెట్‌లో, ఇటాలియన్ హాలు మేడమీద సమ్మె కుటుంబాల పిల్లలకి క్రిస్మస్ వేడుక జరిగింది. చేసింది కార్మిక స్త్రీల సంఘం. నెలల తరబడి కూలి లేని ఇళ్ళు. పిల్లల చేతుల్లో మిఠాయి పెట్టాలని తల్లుల ఆరాటం. ఆ సందట్లో ఎవరో "నిప్పు!" అని అరిచారు. నిప్పూ లేదు, పొగా లేదు. జనం మెట్ల మీద పడ్డారు. 73 మంది ఊపిరాడక చచ్చిపోయారు. ఎక్కువమంది పిల్లలు, ఎక్కువమంది ఫిన్నుల పిల్లలు. 1984లో ఆ భవనం పడగొట్టేశారు. గుమ్మం కమాను ఒక్కటే స్మారకంగా నిలిచింది.

అదీ ఒక పండగే. పరాయిగడ్డ మీద ఆడవాళ్ళు చేసిన పండగే! మిడతల సాధువుకి విగ్రహం పెట్టుకోవడం నాకు అబద్ధంగా తోచదు. ఈ పిల్లల్ని తలచుకోకుండా పిల్లలకి మిఠాయి పంచడం, అదీ అబద్ధం. లేనిదాన్ని కల్పించడం కంటే ఉన్నదాన్ని మింగెయ్యడం పెద్ద పాపం.

"పండగపూట ఏడుపు దేనికండీ?" అంటారు. మీరూ అంటారు, నాకు తెలుసు. ఏడవమని కాదు. మనం పండగపూట పెద్దలకి బట్టలు పెట్టుకుని, ఆ తరవాత పిండివంటలు తినడం లేదూ? అలా ఒక్క అరగంట చాలు. చర్చికి వెళ్ళే ఫిన్నులూ, ఎర్రజెండా ఫిన్నులూ ఒకప్పుడు ఒకరి హాలు గడప ఒకరు తొక్కేవారు కారు. ఆ పోట్లాటా వాళ్ళ ఆస్తే. దాన్ని దాచి, ఒక జానపద నృత్యం, ఒక రొట్టెముక్క మాత్రం మిగిల్చితే పిల్లలకి ఏం అందినట్టు?

జ్ఞాపకం ఊరికే నిలవదు కూడా. ఫిన్నులు 1896లో హాన్‌కాక్‌లో స్థాపించుకున్న కాలేజీ, తరవాత ఫిన్లాండియా విశ్వవిద్యాలయమైంది, 2023లో మూతపడింది. అందులోని వారసత్వ కేంద్రాన్ని, పాత కాగితాల భాండాగారాన్ని ఫిన్నిష్ అమెరికన్ల సంస్థ ఒకటి ముందుకొచ్చి తీసుకుంది కాబట్టి దక్కాయి. ఊరేగింపులో నడిచే కాళ్ళతో పాటు, ఇలా బరువెత్తే భుజాలూ ఉండాలి.

ఇప్పుడు మన సంగతి. మొన్న ఒక పేరంటంలో ఒకావిడ, అమెరికాలో కూతురు బతుకమ్మని పండగరోజు కాకుండా శనివారం ఆడిందనీ, తంగేడు లేకుండా కొట్లో కొన్న పూలు పేర్చిందనీ చెప్పి నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వకండమ్మా! వారమంతా ఉద్యోగం చేసి, చలిలో పూలు వెతికి పేర్చిన పిల్ల అది. మీకు అడగాలనే ఉంటే పూల గురించి కాదు, ఇది అడగండి: "మీ సంఘం వేదిక మీద మాట్లాడిందెవరు, వెనకాల వండిందెవరు? మొదట ఆ ఊరొచ్చి కష్టపడినవాళ్ళ కథ మీ పిల్లలకి ఎవరైనా చెప్పారా?" జవాబు లేకపోతే అప్పుడు తప్పు పట్టండి, నేనూ మీ పక్కనే నిలబడతాను.