నెత్తురు సొంతదే, రుజువు మాటేమిటి?

చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్లలో ప్లేట్‌లెట్లంటే వానాకాలపు డెంగీ గుర్తొస్తుంది; పట్నం క్లినిక్కులో అవే రాలే జుట్టుకు, మచ్చల ముఖానికి, అరిగిన మోకాలికి మందు. రోగి రక్తమే కొంత తీసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను సమస్య ఉన్నచోట ఎక్కిస్తారు. అదే పీఆర్‌పీ. సొంత రక్తం కాబట్టి ఎలర్జీ భయం తక్కువే, అంతమాత్రాన గుణం ఖాయం కాదు. బట్టతల విషయంలో కొన్ని ప్రయోగాలు మేలు చూపాయి గానీ, తయారీ పద్ధతి క్లినిక్కుకో రకం. మోకాలి కథ మరీ పేలవం: ఆస్ట్రేలియాలో 288 మందిలో కొందరికి పీఆర్‌పీ, మిగిలినవారికి ఉత్త సెలైన్ ఎక్కించి ఏడాది చూస్తే, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2021లో ‘జామా’ వైద్య పత్రిక ప్రచురించింది. మిర్చి అమ్మిన డబ్బుతో మోకాలి వైద్యానికి ఖమ్మం వచ్చే రైతుకు ఈ సంగతి చెప్పి, వ్యాయామం నేర్పి, ఆ తర్వాతే డాక్టరు సిరంజి పట్టాలి.