బోరు పక్కనే ఆ అంకె రాయండి

కోలారు జిల్లా నీళ్ళలో ఫ్లోరైడు ఉందని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. గారపట్టిన పళ్ళు కళ్ళెదుటే కనబడతాయి కదా. యురేనియం అలా కనబడదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. బంగారు గనుల పట్టణం రాబర్ట్‌సన్‌పేటలో ఇరవై లీటర్ల క్యాను పట్టుకుని ఫిల్టర్ నీళ్ళ కోసం నిలబడే మనిషికి అది ఉందో లేదో రసాయన శాస్త్రజ్ఞులే చెప్పాలి.

వాళ్ళు చెప్పారు కూడా. 2008లో అచ్చయిన ఒక పరిశోధన కోసం జిల్లాలోని తాలూకాల నుంచి 52 భూగర్భజల నమూనాలు సేకరించి లేజర్ ఫ్లోరిమీటర్‌తో పరీక్షించారు. కొన్ని మిల్లీలీటర్ల నీళ్ళలో ఫాస్ఫేటు ద్రావణం కలిపి అతినీలలోహిత కాంతి పంపితే, యురేనియం ఆకుపచ్చగా మెరుస్తుంది. మన కంటికి అందనంత సన్నని మెరుపునూ యంత్రం పట్టుకుంటుంది. లీటరుకు 0.3 మైక్రోగ్రాముల నుంచి 1442.9 దాకా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 30.

ఇది బంగారు గనులు వదిలిపోయిన శేషం అనుకోవద్దు. ఈ సీమంతా పరుచుకున్న గ్రానైటులోనే యురేనియం ఉంది. చెరువులు ఎండాయి, బావులు ఎండాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. లోతు పగుళ్ళలో ఏళ్ళ తరబడి రాతిని అంటుకుని నిలిచిన నీటిలో బైకార్బొనేటు, కాల్షియంతో కూడి యురేనియం కరుగుతుంది. మనం తోడుకుంటున్నది ఆ నీళ్ళే.

నీటిలో ఇలా అతి కొద్దిగా కలిసి ఉండేవాటిని లెక్కకట్టిన తెలుగువాడు ఒకరుండేవారు. భమిడిపాటి లక్ష్మీధర కనకాద్రి సోమయాజులు (1937-2016), అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రజ్ఞుడు. సముద్రంలో సిలికాన్-32 లాంటి రేడియోధార్మిక పరమాణువులు ఎంత అరుదంటే, వాటిని కొలవాలంటే టన్నుల కొద్దీ నీళ్ళు కావాలి. అంత నీటిని ఓడలోకి తోడేదెలా? దేవేంద్ర లాల్, కృష్ణస్వామి తదితరులతో కలిసి ఆయన 1972లో ప్రకటించిన ఉపాయం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. కృత్రిమ పోగులకు ఇనుప హైడ్రాక్సైడు పట్టించి సముద్రంలోకే దింపారు. సిలికాన్, రేడియం, థోరియం, సీసం వచ్చి ఆ పోగులకు అంటుకునేవి. నీళ్ళు సముద్రంలోనే ఉండిపోయేవి. 1978లో ఆయనకు భట్నాగర్ విజ్ఞాన పురస్కారం వచ్చింది. తర్వాత సహచరులతో కలిసి పశ్చిమ తీరపు నదుల్లో, గంగా బ్రహ్మపుత్రల్లో యురేనియం ఎంత, అది ఏ రాయి అరిగి వస్తోంది అన్న లెక్కలూ తేల్చారు. నదిలో మైక్రోగ్రాము తేడాను పట్టుకోవడానికి అంత ఓపిక పట్టిన శాస్త్రం మనకుంది. తాగే బోరు దగ్గరికి వచ్చేసరికే అది ఆగిపోతోంది.

2021లో ఆర్. శ్రీనివాసన్ బృందం కరెంట్ సైన్స్ పత్రికలో తూర్పు కర్ణాటక లెక్క బయటపెట్టింది. చూసినవి 73 ఊళ్ళు. 57 ఊళ్ళలో 30 హద్దు దాటింది, 48 ఊళ్ళలో అణుశక్తి నియంత్రణ మండలి వారి 60 కూడా దాటింది. అదే ఏడు భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో యురేనియానికి 30 హద్దు చేర్చింది. ఇక తెలియదు అనడానికి ఏ అధికారికీ వీల్లేదు.

రేడియోధార్మికత అన్న మాటకు బెదిరిపోనక్కర్లేదు. యురేనియం అర్ధాయువు దాదాపు 450 కోట్ల ఏళ్ళు, అంటే అది చాలా నిదానంగా కిరణాలు వదులుతుంది. నీళ్ళలో దాని అసలు బెడద రసాయనంగానే, అదీ మూత్రపిండాలకు. మందకొడిగా, ఏళ్ళ మీద జరిగే హాని కాబట్టే ముందుగా బోరుకే పరీక్ష కావాలి, మనిషికి జబ్బు చేశాక కాదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రతి ఫిల్టర్ నీళ్ళ కేంద్రం గోడ మీద బోరు లోతు, పరీక్ష చేసిన తేదీ, బోరు నీటిలో యురేనియం ఎంత, కొళాయి నీటిలో ఎంత అన్నవి కన్నడంలో, తెలుగులో, తమిళంలో రాయాలి. ఆ కేంద్రాల్లో నీటిని వడగట్టే ఆర్.ఓ. పొర సరిగా ఉంటే యురేనియాన్ని చాలావరకు ఆపేస్తుంది. పొర ఎప్పుడు మార్చారో కూడా రాయాలి. ఆపిన యురేనియం మాయమైపోదు, వదిలేసే నీళ్ళలో మరింత చిక్కగా చేరుతుంది. ఆ నీళ్ళు ఏ మోరీలోకి, ఏ కుంటలోకి పోతున్నాయో కూడా అదే గోడ మీద ఉండాలి.