ఊరు మునిగితె వాడ ఎటుబోవాలె?

గోదారి మీద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 2004ల పునాదిరాయి ఏసిన్రు. 20 టీఎంసీల నీళ్లు! మన వెల్గటూర్ మండలంల చెగ్యాం అసోంటి ఊళ్లు ముంపులకు పోయినయి.

ఇండ్లకు, భూములకు లెక్క గట్టింది 1894 నాటి తెల్లదొరల చట్టం. దానికి పట్టా కనిపిస్తది, గోడ కనిపిస్తది. బంగ్లాకు బంగ్లా ధర, గుడిసెకు గుడిసె ధర. పొలం పోతె పట్టాదారుకు పైసలు. అదే పొలంల తరతరాలు నాట్లేసిన మన కైకిలికి ఆ చట్టంల ధరే లేదు. బతుకుదెరువు పోయినోళ్లు సుత నిర్వాసితులేనని 2013 చట్టం ఒప్పుకున్నది. అది అమలుకొచ్చింది 2014ల, రాయి పడ్డ పదేండ్లకు!

ఇగ కాలనీ ముచ్చట. పాత ఊళ్లె మనల్ని ఊరవతల పెట్టింది మనువు. కొత్త కాలనీకి గీతలు గీసేది సర్కారు. అండ్లసుత మాల మాదిగలకు ఆఖరి లైనేనా? అన్నలారా, అక్కలారా, ఎక్కడ ముంపు కాలనీ కట్టినా ప్లాట్లు కులాలవారీగ గాదు, అందరి ముంగట చీటీలేసి పంచుమని పట్టుబట్టున్రి. పట్టా ఇంటి ఆడమనిషి పేర రాయించుకోన్రి.