నాయకుడు వేరు, రాష్ట్రం వేరు

కేసీఆర్‌ను ఒక్క మాట అంటే చాలు, 'నువ్వు తెలంగాణ ద్రోహివి' అనేవాళ్లు ఒకవైపు. ఆయన గురించి ఒక్క మంచిమాట చెబితే చాలు, 'నువ్వు దొర గడీకి అమ్ముడుపోయావు' అనేవాళ్లు మరోవైపు. 2023 డిసెంబర్‌లో ఆయన కుర్చీ దిగినా ఈ కొట్లాట ఆగలేదు. దీని నడుమ అసలు ప్రశ్నలు నలిగిపోతున్నాయి. ఆయన మీద వచ్చే విమర్శలో న్యాయమెంత, కక్ష ఎంత? ఉద్యమం చేసినవాళ్లం మనం. తేల్చుకోవాల్సిందీ మనమే.

కక్ష లేదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. 2001 ఏప్రిల్ 27న టీఆర్ఎస్ పెట్టిన నాటి నుంచే ఆయనను మంత్రి పదవి దక్కని అసంతృప్తివాదిగా చూపించారు. ఆయన మాటతీరును వెక్కిరించే సాకుతో మన యాసను వెక్కిరించారు. ఆయన అలవాట్ల మీద, ఫాంహౌస్ మీద జోకులు వేసినవాళ్లు నీళ్లు, నిధులు, నియామకాల గురించి తెలంగాణ అడిగిన ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పలేదు. విడిపోతే తెలంగాణ చీకట్లో మునుగుతుందని ఉమ్మడి రాష్ట్రపు చివరి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి భయపెట్టారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. ఆ జోస్యాన్ని మోసినవాళ్లలో ఎంతమంది తమ మాట వెనక్కి తీసుకున్నారు?

అయితే, అడిగేవాడు పగవాడైనంత మాత్రాన అడిగిన ప్రశ్న అబద్ధం కాదు. మేడిగడ్డనే తీసుకోండి. 2019 జూన్‌లో ప్రారంభమైన బరాజ్ పియర్లు 2023 అక్టోబర్ 21న కుంగాయి. నాలుగేళ్లకే ఎందుకు కుంగింది? ఆ చోటు ఎవరు ఎంచారు? పర్యవేక్షణ ఏమైంది? ఇవి అప్పు కట్టబోయే ప్రజల ప్రశ్నలు. ఇందులో కక్ష లేదు. బరాజ్ కుంగింది కాబట్టి 'తెలంగాణ వాళ్లకు పాలన చేతకాదు' అంటే మాత్రం అది పచ్చి కక్ష. జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. అందులో తప్పుంటే పేజీ పేజీకి జవాబు చెప్పవచ్చు. విచారణనే తెలంగాణ మీద కుట్ర అంటే అది జవాబు కాదు.

ఉద్యోగ మిత్రులు ఒకటి గుర్తు తెచ్చుకోవాలి. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆపిన ఆర్టీసీ కార్మికులను మనం వీరులన్నాం. 2019 అక్టోబర్ 5 నుంచి సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, తమ ఉద్యోగాలు తామే పోగొట్టుకున్నారని సర్కారు తేల్చేసింది. ఉద్యమమంతా కూర్చున్న ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను 2017లో మూసేశారు. 2018లో హైకోర్టు చెబితే గానీ అక్కడ టెంటు పడలేదు. జేఏసీ చైర్మన్‌గా ఉద్యమాన్ని నడిపిన కోదండరాంను 2017 ఫిబ్రవరి 22న, నిరుద్యోగుల ర్యాలీకి ముందు, తెల్లవారకుండానే ఇంటి నుంచి పట్టుకుపోయారు. ఇవి తప్పన్నవాళ్లందరూ సమైక్యవాద ఏజెంట్లేనా?

కక్ష ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఒకే కొలబద్ద అందరికీ పెట్టి చూడాలి. 2018 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 19 సీట్లు వస్తే, 2019 జూన్‌లో అందులో 12 మంది ఎమ్మెల్యేలను టీఆర్ఎస్ కలిపేసుకుంది. అప్పుడది విలీనం. 2023 తర్వాత బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన పదిమంది కాంగ్రెస్ గడప తొక్కారన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పుడది ఫిరాయింపు. 2019లో గగ్గోలు పెట్టిన పార్టీ ఈసారి నోరు మెదపలేదు. 2019లో పండుగ చేసుకున్న పార్టీ ఈసారి రాజ్యాంగం పుస్తకం పట్టుకుంది. తనవాడు చేస్తే ఒప్పు, పైవాడు చేస్తే తప్పు అనేవాడి విమర్శకు విలువెంత? కుటుంబ పాలన మాటా అంతే. అన్ని పార్టీల వారసులనూ అడిగేవాడికే కేసీఆర్ కుటుంబాన్ని అడిగే నైతిక హక్కు ఉంటుంది.

నాయకుణ్ని అడిగితే ఉద్యమం బలహీనపడుతుందన్న మాట అప్పుడూ విన్నాం, ఇప్పుడూ వింటున్నాం. చరిత్ర ఇంకోటి చెబుతున్నది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితిని 10 స్థానాల్లో జనం గెలిపిస్తే, అదే ఏడాది చెన్నారెడ్డి దాన్ని తీసుకుపోయి కాంగ్రెస్‌లో కలిపారు. ఆ గాయం మానలేదు కాబట్టే 2009 నవంబర్ 30న ఖమ్మంలో కేసీఆర్ దీక్ష విరమించారన్న వార్త రాగానే ఉస్మానియా విద్యార్థులు భగ్గుమన్నారు. ఆయన దిష్టిబొమ్మలనే తగలబెట్టారు. దీక్ష కొనసాగుతుందన్న ప్రకటన ఆ తర్వాతే వచ్చింది. డిసెంబర్ 9న ఢిల్లీ నోరు విప్పింది. ఆ విద్యార్థులు ద్రోహులా? ఆ దీక్షకు వెన్నెముక అయింది వాళ్ల కోపమే కదా!

నాయకుడు తప్పు చేశాడు కాబట్టి రాష్ట్రమే తప్పు అనేవాడూ, నాయకుణ్ని అంటే రాష్ట్రాన్ని అన్నట్టే అనేవాడూ చివరికి ఒకే చోట తేలుతున్నారు. ఇద్దరి లెక్కలోనూ తెలంగాణ అంటే ఒక మనిషే. 2022లో పార్టీ పేరులోంచి తెలంగాణను తీసేసింది ఆ మనిషే. అలాంటప్పుడు ఆ పార్టీని ప్రశ్నిస్తే తెలంగాణకు అవమానం ఎట్లా అవుతుంది?

1969లో తూటాలకు నేలకొరిగినవాళ్లు, 2009 తర్వాత ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఏ నాయకుడి కోసమూ చావలేదు. కేసీఆర్ ఉద్యమంలో చేసింది చరిత్ర. దాన్ని చెరిపేయాలని చూసేవాళ్లను మేం నమ్మం. పదేళ్ల పాలన మాత్రం పద్దు. పద్దు చూపమని అడిగేవాళ్లను తిట్టేవాళ్లను కూడా నమ్మం. ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డికీ, రేపు వచ్చేవాళ్లకూ ఇదే కొలత. విద్యార్థులారా, ఉద్యోగులారా! మనిషిని వదిలి పనిని అడగండి. ఆధారంతో అడగండి. అడిగిన ప్రతివాణ్నీ ద్రోహి అనేవాళ్లకు మాత్రం భయపడకండి.